కాలంతో పోతుందట

మొన్న మాఘ బహుళ పంచమి నాడు, చెన్నైలో వెస్ట్ మాంబళంలోని మా ఇంట్లో అమ్మ తద్దినం జరిగింది. భోక్తలు, అంటే పితరుల స్థానంలో కూర్చున్న బ్రాహ్మణులు, భోజనం ముగించి ఉత్తరాపోశనానికి (భోజనం చివరి ఆచమనానికి) సిద్ధమైన వేళ, "తృప్తాః స్థ" (తృప్తి చెందారా) అని కర్తగా నేను అడగవలసిన చోట నా గొంతు పూడుకుపోయింది. శాస్త్రిగారు సంగతి గ్రహించి కాసేపు ఆగారు. వెనక నిలబడిన మా బంధువు ఒకాయన, వయసులో పెద్దవారు, మనసు మంచివారే, నా భుజం తట్టి, "పదేళ్ళు దాటింది కదా నాయనా, ఇంకా ఏమిటిది? కాలమే అన్నీ మాన్పుతుంది" అన్నారు. పితృకార్యం మధ్యలో లౌకిక సంభాషణ కూడదు కనుక నేను మాట్లాడలేదు. ఆ నియమం ఆయనకూ ఉందనుకోండి, అది వేరే సంగతి. అప్పుడు నోట రాని సమాధానం ఇప్పుడు రాస్తున్నాను.

యుద్ధకాండ అయిదో సర్గలో, వానరసేన సముద్రపు ఉత్తర తీరాన విడిది చేసిన తరువాత, రాముడు పక్కనున్న లక్ష్మణుడితో ఇలా అంటాడు:

శోకశ్చ కిల కాలేన గచ్ఛతా హ్యపగచ్ఛతి ।
మమ చాపశ్యతః కాంతామ్ అహన్యహని వర్ధతే ॥

ఈ శ్లోకాన్ని పారాయణలో ఎన్నోసార్లు చదివి కూడా నేను "కిల" అన్న చిన్న అవ్యయాన్ని పట్టించుకోలేదు. "వార్తాసంభావ్యయోః కిల" అని అమరకోశం. అంటే ఒకరు చెప్పగా విన్న సంగతిని చెప్పేటప్పుడు వాడే మాట. దీనికి తెలుగులో సరిగ్గా సరిపోయే రెండక్షరాలున్నాయి: అట. "వాన కురిసింది" అనడానికీ "వాన కురిసిందట" అనడానికీ ఎంత తేడా ఉందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. రెండో మాట అన్నవాడు తడవలేదు. "కాలం గడిచేకొద్దీ శోకం కూడా పోతుందట" అంటున్నాడు రాముడు. లోకం అంటుంది, విన్నాను, నాకు మాత్రం రోజురోజుకూ పెరుగుతోంది అంటున్నాడు. వసిష్ఠుడి దగ్గర చదువుకున్నవాడు, తండ్రి పోయిన వార్త తెచ్చిన భరతుణ్ణి చిత్రకూటంలో కూర్చోబెట్టుకుని సంసారపు అనిత్యత గురించి అంత గంభీరంగా బోధించినవాడు, ఆ లోకోక్తిని ఖండించనూ లేదు, నెత్తిన పెట్టుకోనూ లేదు. ఒక "అట" చేర్చి, దాన్ని తడవనివాళ్ళకే వదిలేశాడు.

తరువాతి శ్లోకం మరీ లోతైనది.

న మే దుఃఖం ప్రియా దూరే న మే దుఃఖం హృతేతి వా ।
ఏతదేవానుశోచామి వయోఽస్యా హ్యతివర్తతే ॥

ప్రియురాలు దూరాన ఉందని దుఃఖం లేదు, అపహరించబడిందనీ లేదు. ఆమె వయసు గడిచిపోతోందే, దానికే వగస్తున్నాను. ఈ రెండు శ్లోకాలనూ విడివిడిగా చదివితే రెండు విలాపాలు. కలిపి చదివితే రాముడికి శోకం ఎందుకు పెరుగుతోందో తెలుస్తుంది. మొదటి శ్లోకంలో లోకులు మందుగా చెప్పిన కాలమూ, రెండో శ్లోకంలో సీత వయసును హరిస్తున్న కాలమూ ఒకటే. గడిచే రోజు ఏ పుండును మాన్పుతుందని చెబుతున్నారో, ఆ పుండును చేస్తున్నదీ ఆ గడిచే రోజే. "గచ్ఛతా కాలేన", గడిచే కాలం చేత, అన్న తృతీయా విభక్తిలో ఇంత ఉందని నాకు అమ్మ పోయాకే తెలిసింది. అమ్మ 2013లో పోయింది. మా అబ్బాయి ఉపనయనం చూడలేదు, నేను రిటైరవడం చూడలేదు, మేము మారిన ఈ ఇల్లు చూడలేదు. పోయిన రోజున నేను పోగొట్టుకున్నది అమ్మను మాత్రమే. ఆమె చూడని సంగతులు ఆ తరువాత ఏటికేడాది పోగుపడుతూ వచ్చాయి. మరి కాలంతో తగ్గేది ఏది?

సీత బతికే ఉంది కదా, వియోగానికీ మరణానికీ పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. అయితే అయోధ్యాకాండకు రండి. మందాకినిలో దిగి దక్షిణాభిముఖుడై తండ్రికి జలతర్పణం చేశాక, గారచెట్టు (ఇంగుదీ) కాయల పిండిలో రేగుపళ్ళు కలిపి దర్భల మీద పిండం ఉంచుతూ, "మహారాజా, మేము తింటున్నది ఇదే, ప్రీతితో ఆరగించు" అని రాముడు అన్న ఘట్టంలో వాల్మీకి వేసిన మాటలు "సుదుఃఖార్తో రుదన్" అని. ఏడుస్తూనే పిండప్రదానం చేశాడు. కన్నీళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మరొక మాట కూడా అనాలి. ఈ మధ్య ఎవరి ఇంట్లో మరణం సంభవించినా, శవం లేవకముందే స్పీకరులో గీతాశ్లోకాలు పెట్టడం, "జాతస్య హి ధ్రువో మృత్యుః" (పుట్టినవాడికి చావు తప్పదు) అని వచ్చిన ప్రతివాడూ ఆ ఇంటివాళ్ళకు అప్పజెప్పడం ఆచారమైపోయింది. గీత మీద నాకు లేని భక్తి మరొకరికి ఉంటుందని అనుకోను. కానీ ఆ గీతను స్వయంగా కృష్ణుడి నోట విన్న అర్జునుడు, యుద్ధం పదమూడో నాటి సాయంత్రం శిబిరానికి తిరిగి వచ్చి అభిమన్యుడు లేడని తెలిసినప్పుడు ఎలా విలపించాడో ద్రోణపర్వంలో చదవండి. పైగా యుద్ధమంతా ముగిశాక, నీవు చెప్పినదంతా మరచిపోయాను, మళ్ళీ చెప్పమని కృష్ణుణ్ణే అడిగాడు. అలా పుట్టిందే అశ్వమేధపర్వంలోని అనుగీత. అర్జునుడికే నిలవని ఉపదేశం, భర్తను పోగొట్టుకుని నాలుగు గంటలు కూడా కాని ఇల్లాలికి మీరు ఒక శ్లోకంతో నిలబెట్టగలరా? ఆ వేళ ఆమె పక్కన కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళు తాగించినా చాలు.

మన ఋషులు శోకం పోతుందని నమ్మి ఉంటే కర్మకాండను ఇలా ఏర్పాటు చేసేవారు కారు. మొదటి ఏడాది ఊనమాసికం, త్రైపక్షికం, నెలనెలా మాసికాలు, పిదప సంవత్సరీకం, ఆ తరువాత కర్త బతికి ఉన్నంతకాలం ఏటేటా అదే మాసం, అదే పక్షం, అదే తిథి. అది చాలదన్నట్టు భాద్రపద బహుళంలో మహాలయ పక్షం. వ్యవధి పెంచారే కాని ఎక్కడా "ఇక చాలు" అనలేదు.

ఆ తిథి విషయంలో ఒకసారి నేను తప్పిపోబోయాను. అమ్మ పోయిన నందన నామ సంవత్సరంలో మాఘ బహుళ పంచమి ఇక్కడి తమిళ లెక్కలో మాసి నెలలో పడింది. 2018లో మా శాస్త్రిగారు ఊళ్ళో లేక, వేరొక తమిళ పురోహితుణ్ణి, ఇక్కడి మాటలో వాధ్యార్‌ను మాట్లాడుకున్నాను. ఆయన సూర్యుణ్ణి బట్టి నెలలు లెక్కించే తన సౌరమానపు అలవాటు కొద్దీ "మాసి కృష్ణ పంచమి" అని రాసుకుని, మార్చిలో తేదీ ఇచ్చారు. నేను సరేనని ఫోనులో రిమైండరు పెట్టుకుని ఊరుకున్నాను. చంద్రుణ్ణి బట్టి లెక్కించే మన పంచమి ఆ ఏడు మాసికి ముందరి తై నెలలోనే, ఫిబ్రవరి మొదటి వారంలోనే వచ్చేసింది. మద్రాసులో చాంద్రమానం పాటించే తెలుగువాళ్ళకు ఇది తెలియని చిక్కేమీ కాదు. ఆయనను అనవలసిన పనీ లేదు, చూసుకోవలసినవాణ్ణి నేను.

నన్ను కాపాడింది అమ్మే. ఆవిడ ఏటా ఉగాదికి కొత్త పంచాంగం రాగానే, పసుపు కుంకుమ పెట్టి, పాత పంచాంగం అట్ట లోపలి వైపు రాసుకున్న తిథులను కొత్తదాని మీదకు ఎర్ర సిరాతో ఎక్కించేది. మామగారిది, అత్తగారిది, చిన్నవయసులో పోయిన మా బాబాయిది. ఒక్కొక్క తిథి పక్కన వారికి ఇష్టమైన పదార్థం కూడా: "మామగారు, కందా బచ్చలి", "అత్తగారు, గారెలు మెత్తగా" అని. ఆవిడ తరువాత ఆ పని నాకు వచ్చింది. ఆ జనవరిలో ఒక రోజు వేరే ఏదో వెతుకుతూ పంచాంగం తీస్తే, అట్ట మీద నా చేతిరాతలో నాలుగో పంక్తి కనిపించింది: మాఘ బ. పంచమి. పేజీ తిప్పి చూస్తే ఇంకా పదిహేను రోజులు లేవు. అమ్మ పంక్తి పక్కన మాత్రం పదార్థం లేదు. ఆవిడకు ఏది ఇష్టమో నేను ఎన్నడూ అడగలేదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలినది తినేది. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది, ప్రతి ఉగాదికీ దాన్ని కూడా అలాగే ఎక్కిస్తున్నాను.

అందుకే చెబుతున్నాను. తద్దినాన్ని నలభై నిమిషాల ప్యాకేజీగా కుదించి, ఒక చెవిలో ఆఫీసు మీటింగు పెట్టుకుని, నువ్వులు నీళ్ళు వదలకండి. పిల్లలకు స్కూలుంది అని పంపేయకండి. వాళ్ళ ముందు పేరూ గోత్రమూ స్పష్టంగా పలకండి. కళ్ళు చెమర్చితే చెమర్చనివ్వండి. పక్కవాడికి చెమర్చితే మీకు తెలిసిన లోకోక్తిని ఆ పూటకు దాచుకోండి.

పిండప్రదానం చేసేటప్పుడు ముగ్గురికే పిండాలు, ఒక్కొక్కరిని ఒక్కొక్క దేవతా రూపంగా తలచుకుంటూ. అమ్మ వసురూప, నాయనమ్మ రుద్రరూప, ముత్తవ్వ ఆదిత్యరూప. ఆ పైవారికి పిండం లేదు. కానీ మూడు పిండాలూ ఉంచాక, అరచేతికి అంటుకున్న అన్నాన్ని ఆ దర్భలకే తుడవాలి. అది లేపభాగులదని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. పేర్లు కూడా మనకు తెలియని పైతరాల వారికి ఆ చేతికి అంటుకున్నదే భాగం. నా మునిమనవడు ఈ కర్మ చేసే నాటికి అమ్మ కూడా ఆ వరసలోకి వెళుతుంది. మొన్న ఆ ఘట్టం వచ్చినప్పుడు, నువ్వులూ నెయ్యీ కలిసిన మెతుకులు వేళ్ళ సందుల్లో అంటుకుని ఓ పట్టాన వదల్లేదు. శాస్త్రిగారు "నిదానంగానే తుడవండి, తొందరలేదు" అన్నారు.