పళ్ళ లెక్క లేని కేటలాగు

రాత్రి పదకొండు దాటింది. మా వారు ఎప్పుడో నిద్రపోయారు. సాయంత్రం సైకిల్ షాపులో చేతికిచ్చిన రంగుల పుస్తకం మీద నాకు మాత్రం కోపం ఇంకా చల్లారలేదు. రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

మా తమ్ముడి కొడుకు చిన్నాకి సైకిలు కొనే పని నేనే అడిగి మరీ తీసుకున్నాను. వాడు పరీక్షలైన దగ్గర నుంచి రోజూ ఫోను. ఇవాళ వెళ్ళాం. షాపు పెద్దది, శుభ్రంగా ఉంది. అడగకముందే ఒక కుర్రవాడు కేటలాగు తెచ్చి ఇచ్చాడు. నున్నటి మందపాటి కాగితం. పేజీ తిప్పితే ఒక కొండ, దాని అంచున గాలిలోకి లేచిన సైకిలు, దాని మీద హెల్మెట్ పెట్టుకున్న యువకుడు. పక్కనే పెద్ద అక్షరాలతో వేగం, స్వేచ్ఛ, సాహసం. ఇక ఆ సైకిలు గురించిన సమాచారం అట్టడుగున ఒక్క వరసలో ఉంది. ఫ్రేము ఉక్కు. గేర్లు 21. టైరు 26. రంగులు మూడు. అంతే.

ఏ 26? దీనికి జవాబు ఎక్కడుంది? ఇరవయ్యారు అంగుళాలన్న పేరుతో ఒకదాని రిమ్ముకు ఇంకొకటి సరిపడని టైర్లు ఎన్ని రకాలున్నాయో పంక్చర్లు వేసే ప్రతి మనిషికీ తెలుసు. మన లేడీస్ సైకిళ్ళకు వేసే 26 × 1 3/8 టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం 590 మిల్లీమీటర్లు. మౌంటెన్ బైకులకు వేసే 26 × 1.95కి అదే కొలత 559. రెంటి మీదా 26 అనే ఉంటుంది. ఒకటి కొని రెండోదాని మీద ఎక్కించాలని చూస్తే వేళ్ళు నొప్పి పుట్టడమే మిగులుతుంది. ఆ మూడంకెల సంఖ్య అచ్చు వేయడానికి కంపెనీకి ఒక అరంగుళం చోటు చాలు. కొండకు మాత్రం రెండు పేజీలు ఇచ్చారు.

సరే, గేర్ల సంగతైనా తెలుసుకుందామని అడిగాను.

"ముందు చైన్‌వీల్‌కి పళ్ళెన్ని బాబూ? వెనక ఫ్రీవీల్‌కి ఎన్ని?"

"మొత్తం ఇరవై ఒకటి మేడమ్."

"గేర్లు కాదు, పళ్ళు."

అతను వెళ్ళి యజమానిని పిలుచుకొచ్చాడు. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. ఆ మాటే నన్ను ఇప్పటిదాకా కుదిపేస్తోంది. ఎవరూ అడగకపోవడం ఏమిటి? మనిషి కాళ్ళ బలాన్ని రోడ్డు మీదికి చేర్చేది ఆ పళ్ళే. ఎక్కుడు వచ్చినప్పుడు దిగి నడిపించాలో, కూర్చుని తొక్కగలమో తేల్చేది అవే. బియ్యం కొనేటప్పుడు బస్తా ఎన్ని కిలోలో అడగని వాళ్ళుంటారా?

ఆ సైకిలు పక్కన గొంతుక్కూర్చుని నేనే లెక్కపెట్టాను. ఒక పంటి మీద పెన్నుతో చుక్క పెట్టి, అక్కడి నుంచి చుట్టూ తిరిగి వచ్చేదాకా. "అత్తా, లే, అందరూ చూస్తున్నారు" అని చిన్నా చున్నీ లాగుతున్నాడు. ముందు మూడు పళ్ళ చక్రాలు 28, 38, 48. వెనక ఏడు, 14 నుంచి 28 దాకా. ఇక లెక్క సులువే. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించి, సైకిలు చక్రం వ్యాసంతో, అంటే 26 అంగుళాలతో గుణిస్తే గేరు ఎంత బరువో ఎంత తేలికో ఒక సంఖ్యగా తెలుస్తుంది. ముందు 48, వెనక 28 వేస్తే 44.6. ముందు 38, వెనక 22 వేస్తే 44.9. ముందు 28, వెనక 16 వేస్తే 45.5. మూడూ కాలికి దాదాపు ఒకే బరువు. కేటలాగులో మాత్రం అవి మూడు గేర్లు. అన్నిటికన్నా తేలికైనది 26, బరువైనది 89. నిజానికి ఇది మంచి అమరికే. మా కాలనీ ఎక్కుడు చిన్నా దిగకుండా ఎక్కగలడు. ఆ మంచి సంగతి చెప్పుకునే తీరిక కూడా వాళ్ళకు లేకపోయిందే అని నా బాధ.

ఇంటికి రాగానే సొరుగులోంచి నా పాత జిరాక్సు కాగితాలు తీశాను. ఒక పాత సైకిళ్ళ కేటలాగువి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న రోజుల నాటివి.

అక్కడ అల్మీడా క్రీక్ గట్టు మీద, నైల్స్ వైపు కొండల దగ్గర నుంచి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం దాకా సైకిలు బాట ఉంది. దాన్ని చూసినప్పటి నుంచి సైకిలు కావాలని మనసు పీకేది. కొత్తది కొనే స్థితి కాదు. ఒక రిటైరైన పెద్దాయన 1993 నాటి బ్రిడ్జ్‌స్టోన్ ఎంబీ-3 అనే మౌంటెన్ బైకు అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాను. ధర చెప్పలేదు, సైకిలు తొక్కి చూడమనలేదు. చేతులు తుడుచుకుని ముందు కేటలాగు తెచ్చి బల్ల మీద పెట్టారు. బ్రిడ్జ్‌స్టోన్ అంటే జపాన్ టైర్ల కంపెనీయే. వాళ్ళ సైకిళ్ళ అమెరికా ఆఫీసు ఫ్రీమాంట్‌కి దగ్గర్లోనే, శాన్ లియాండ్రోలో ఉండేదట. అక్కడ మార్కెటింగ్ చూసిన గ్రాంట్ పీటర్సన్ అనే ఆయన ఆ కేటలాగులను చదువుకునే పుస్తకాల్లా తయారుచేశాడు. ఫ్రేము గొట్టాలు కలిసేచోట లగ్గులనే ఉక్కు తొడుగులు ఎందుకు, వెనక చక్రం ఎంత దూరంలో ఉంటే ఏమవుతుంది, అన్నిటికీ వ్యాసాలు. బొమ్మలు వేసినది జార్జ్ రెట్సెక్. బోల్టు తల దగ్గర నీడ కూడా గీశాడు.

పెద్దాయన కొలతల పట్టిక ఉన్న పేజీ తెరిచి, ఒక వరస కింద పెన్సిలు గీత చూపించి "ఇది నీ సైజు" అన్నారు. అందులో ట్రెయిల్ అన్న మాట దగ్గర నేను ఆగిపోవడం గమనించినట్టున్నారు. పొడవాటి చెక్క స్కేలు ఒకటి తెచ్చి, హ్యాండిల్ దిగే గొట్టం వాలుకు సరిగ్గా ఆనించి, ముందు చక్రం పక్కగా నేల దాకా జార్చారు. స్కేలు నేలను తాకిన చోట సుద్దతో ఒక గీత. టైరు నేలను తాకిన చోట ఇంకో గీత. రెండింటి మధ్య నాలుగు వేళ్ళు కూడా లేదు. ఆ దూరమే ట్రెయిల్. అది ఎక్కువైతే బండి తిన్నగా పోవాలని చూస్తుందట, తక్కువైతే హ్యాండిల్ చిటికెలో తిరుగుతుందట. బడి రోజుల నుంచి సైకిలు తొక్కుతున్న నాకు, చేతులు వదిలేసినా అది ఎందుకు పడిపోదో కొంచెమైనా చెప్పినవాళ్ళు అప్పటిదాకా లేరు. సిమెంటు నేల మీద ఆ రెండు తెల్లగీతల మధ్య కూర్చుని ఎంతసేపు చూశానో!

సైకిలు ఇచ్చారు గానీ కేటలాగు ఇవ్వలేదు. "జిరాక్సు తీసుకుని తెచ్చి ఇవ్వమ్మా" అన్నారు. ఇచ్చేశాను.

ఇదంతా రాశాక ఇప్పుడు వేరే అనుమానం పట్టుకుంది. అంత చక్కగా రాసిన కంపెనీ ఏమైంది? 1994లో అమెరికాలో సైకిళ్ళ వ్యాపారం కట్టేసింది. యెన్ విలువ డాలరు మీద బాగా పెరిగి జపాన్‌లో చేసిన సైకిలు అక్కడ ఖరీదైపోయింది. కేటలాగు దాన్ని ఆపలేకపోయింది. అంటే షాపు యజమానిదే నిజమా? పైగా నన్ను మొదట ఆ పేజీ దగ్గర ఆపినది పట్టిక కాదు, రెట్సెక్ గీసిన బొమ్మ. చిన్నాను ఆపినది కొండ. ఇద్దరం బొమ్మకే లొంగాం. పీటర్సన్ కూడా అమ్మడానికే రాశాడు, ధర్మానికి కాదు.

అయినా ఒక తేడా ఉంది, అది ఇప్పుడే తట్టింది. ఆయన తన ఇష్టాన్ని కారణంతో సహా రాసేవాడు. తక్కినవాళ్ళు వేళ్ళ కింద టక్కుమని మారే కొత్త గేరు మీటలు పెడుతుంటే, బొటనవేలితో తిప్పే పాత మీటలనే వెనకేసుకొచ్చాడు. ఆ వాదన చదివిన ప్రతిసారీ మనసులో ఆయనతో పోట్లాడతాను. కారణం చెప్పాడు కాబట్టే పోట్లాడగలుగుతున్నాను. కొండతో ఏమని పోట్లాడను? సమాచారం ఒక్కటే అయితే ఆ కాగితాలు ఇన్ని ఇళ్ళు మారినా దాచేదాన్ని కాదు. ఆ సైకిళ్ళు కొన్నవాళ్ళు బ్రిడ్జ్‌స్టోన్ ఓనర్స్ బంచ్ అని ఒక గుంపుగా చేరినా, ఆ వ్యాపారం కట్టేసిన ఏడాదే పీటర్సన్ కాలిఫోర్నియాలో రివెండెల్ అనే సొంత సైకిళ్ళ కంపెనీ పెట్టుకుంటే మనుషులు వెంట వెళ్ళినా ఇదే కారణమనుకుంటాను.

ఆటోలో వస్తుంటే చిన్నా అడిగాడు, "మూడు గేర్లూ ఒకటే అయితే 21 అని ఎందుకు వేస్తారత్తా?" అని. నాకెంత సంతోషమేసిందో.

సైకిలు అదే కొంటాం. పళ్ళ అమరిక బాగుంది, రంగు వాడికి నచ్చింది. మీటలు మాత్రం టక్కుమని మారేవే ఉండాలి. ట్రాఫిక్‌లో పన్నెండేళ్ళ పిల్లవాడు బొటనవేలితో గేరు వెతుక్కుంటూ కూర్చోలేడు. ఈ ఒక్క విషయంలో పీటర్సన్‌తో నాకు రాజీ కుదరదు.