సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ల్యాబ్‌లో మార్కులు వేసే పద్ధతిని మార్చుకున్నాం: నా అనుభవం

మూడేళ్ల క్రితం ఒక వైవాలో, ల్యాబ్ రికార్డులో స్పైరల్ మోడల్ (సాఫ్ట్‌వేర్‌ను విడతలుగా నిర్మించే ఒక పద్ధతి) బొమ్మను స్కేలు పెట్టి ఎంతో శుభ్రంగా గీసిన అబ్బాయిని, తన మినీ ప్రాజెక్టు తెరిచి లాగిన్ పేజీలో కనిపించే ఒక వాక్యాన్ని మార్చి చూపించమని అడిగాను. చాలాసేపు ఫోల్డర్లు వెతికి, "కోడ్ మా బ్యాచ్‌లో ఇంకొకరి దగ్గరుంది మేడమ్" అన్నాడు. అతనికి అంతర్గత మార్కులు 15కి 14 వేసింది నేనే. హాజరు బాగుంది, అబ్జర్వేషన్ పుస్తకం సమయానికి సంతకం చేయించుకున్నాడు, రికార్డులో కొట్టివేతలు లేవు; నేను కొలిచినవి అవే కాబట్టి నా లెక్క ప్రకారం ఆ 14 సరైనవే. కానీ నేను కొలిచిన వాటిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఎక్కడుందని ఆ సాయంత్రం నన్ను నేను అడిగితే జవాబు దొరకలేదు.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా కేంద్రానికి దగ్గరగా ఉన్న స్వయంప్రతిపత్తి గల ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తాను. మూడో సంవత్సరంలో వచ్చే ఈ ల్యాబ్‌కు మొత్తం 50 మార్కులు. అందులో 15 మేము వేసేవి, 35 సెమిస్టర్ చివర బయటి ఎగ్జామినర్ సమక్షంలో వచ్చేవి. ఏళ్ల తరబడి ఆ చివరి పరీక్ష ఒకే తీరులో సాగింది. విద్యార్థి ఒక చీటీ తీస్తాడు. అందులో ఏటీఎం అనో, రైల్వే రిజర్వేషన్ అనో, లైబ్రరీ మేనేజ్‌మెంట్ అనో ఉంటుంది. దానికి ప్రోగ్రాము నిర్మాణాన్ని, నడకను చూపే యూజ్ కేస్, క్లాస్, సీక్వెన్స్ డయాగ్రామ్‌లు గీస్తాడు. ఆ బొమ్మలు సీనియర్ల రికార్డుల నుంచి తరతరాలుగా వస్తున్నవే. బొమ్మలు గీయడం తప్పని నేను అనడం లేదు. గీసిన బొమ్మకు, నడిచే ప్రోగ్రాముకు మధ్య ఏ సంబంధమూ అడగకపోవడమే నన్ను బాధించింది.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అన్న మాట 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సమావేశంతో ప్రచారంలోకి వచ్చిందని మేము మొదటి క్లాసులోనే చెబుతాం. ఆ తర్వాత వాటర్‌ఫాల్ మోడల్ చెబుతాం. దానికి మూలంగా చూపించే 1970 నాటి విన్‌స్టన్ రాయిస్ పత్రంలో, ఒక దశ తర్వాత ఒకటిగా దిగిపోయే ఆ బొమ్మ వేసి, పరీక్షలన్నీ చివరికి నెట్టే అలాంటి పద్ధతి ప్రమాదకరమని, వైఫల్యాన్ని ఆహ్వానిస్తుందని ఆయనే హెచ్చరించాడు. హెచ్చరిక జారిపోయి బొమ్మ మాత్రం మన రికార్డుల్లో మిగిలింది. నా ల్యాబ్ కూడా అదే పద్ధతిలో నడుస్తోందని, అంటే తప్పేదో తెలిసేది చివరి రోజునేనని, అప్పుడు దిద్దుకునే సమయం విద్యార్థికీ నాకూ ఉండదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

మార్చాలంటే పాఠ్యాంశాలను నిర్ణయించే మా కళాశాల కమిటీ, బోర్డ్ ఆఫ్ స్టడీస్, ఒప్పుకోవాలి. మొదటి సమావేశంలో రికార్డుకు బదులు ప్రతి విద్యార్థీ కోడు మీద చేసిన పనికి మార్కులు వేయాలన్న నా ప్రతిపాదన నిలవలేదు. "మార్కులకు ఆధారం కాగితం మీద ఉండాలి కదా, రేపు ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం?" అని మా హెచ్‌ఓడీ (శాఖాధిపతి) సార్ అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మాత్రం నేను ఊహించని చోట దొరికింది: ఎన్‌బీఏ (ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు కోసం మేము ఏటా నింపే పత్రాల్లో. 2014లో మన దేశం, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందమైన వాషింగ్టన్ అకార్డ్‌లో శాశ్వత సభ్యత్వం పొందాక, పట్టభద్రుడు ఏం చేయగలడో చూపించమని ఆ పత్రాలు గట్టిగా అడుగుతున్నాయి. అప్పట్లో మేము నింపిన, పట్టభద్రుడికి ఉండాల్సిన సామర్థ్యాలను చెప్పే 12 ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్‌లో తొమ్మిదవది వ్యక్తిగతంగానూ బృందంలోనూ పనిచేయగలగడం. దాని ఎదురుగా మేము రాసుకుంటున్న ఆధారం "మినీ ప్రాజెక్టు రికార్డు" అన్న మూడు మాటలే. నలుగురి పేర్లున్న ఒక రికార్డు ఏ ఒక్కరి పనికి ఆధారమవుతుందని అడిగాను. రెండో సమావేశంలో ఒక సెక్షన్‌కు, ఒక సెమిస్టర్‌కు అనుమతి వచ్చింది.

ఆ సెక్షన్‌లో 64 మంది. నలుగురి చొప్పున 16 బ్యాచ్‌లు. ఎవరికీ కొత్త ప్రాజెక్టు ఇవ్వలేదు. అంతకుముందు చదివిన విద్యార్థులు పైథాన్‌లో రాసిన హాస్టల్ ఫీజుల ప్రోగ్రామును, సుమారు మూడు వేల వరుసల కోడును, దానిలోని లోపాలతో సహా అందరికీ ఇచ్చాను. ఉద్యోగంలో చేరిన మా పూర్వ విద్యార్థులు నాతో చెప్పేది ఒకటే: మొదటి ఏడాదంతా ఇతరులు రాసిన కోడు చదవడానికే సరిపోతుంది, ఆ పని కళాశాలలో ఎవరూ నేర్పలేదు. ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా, ల్యాబ్‌లో మూలన పడి ఉన్న ఒక పాత కంప్యూటర్‌ను గిట్ (కోడులో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చరిత్రగా దాచే సాధనం) సర్వర్‌గా మార్చుకున్నాం. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం రాసిన ఆ సాధనానికి పెద్ద యంత్రం అక్కరలేదు, అది మాకు కలిసొచ్చింది.

మొదటి తప్పు నాదే. మార్పుల చరిత్ర కనిపిస్తోంది కదా అని, ఎవరు ఎన్ని కమిట్లు (చరిత్రలో ఒక్కో మార్పు నమోదు ఒక కమిట్) చేశారో లెక్కపెట్టి దానికి మార్కులు ప్రకటించాను. నాలుగో వారానికల్లా ఒక అబ్బాయి ఒకే రాత్రి 40 కమిట్లు పెట్టాడు. తెరిచి చూస్తే చాలావాటిలో మారింది ఖాళీ వరుసలే. అతన్ని కోప్పడలేదు, ఎందుకంటే నేను అడిగినదే అతను ఇచ్చాడు. ఆ నిబంధనను మర్నాడే ఎత్తేశాను.

రెండో తప్పు ఇంతకంటే లోతైనది. ఒక బ్యాచ్‌లో ఒక అమ్మాయి పేరు మీద ఐదు వారాల్లో ఒక్క మార్పూ లేదు. పిలిచి, "ఏమ్మా, నువ్వేం చేస్తున్నావు?" అని అడిగితే తలదించుకుంది. సమాధానం ఆమె స్నేహితురాలు చెప్పింది: ఆ అమ్మాయికి లాప్‌టాప్ లేదు, హాస్టల్‌లో ఇద్దరూ ఒకే యంత్రం ముందు కూర్చుంటారు, ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో పరీక్షించే చిన్న కోడులు, అంటే టెస్టులన్నీ, రాసేది ఈ అమ్మాయే. గిట్ ఆ యంత్రంలో నమోదైన పేరునే ప్రతి మార్పుకూ తగిలిస్తుంది కాబట్టి, ఆమె పని మొత్తం స్నేహితురాలి పేరు మీద చేరింది. యంత్రం రాసిన చరిత్ర నిష్పాక్షికమని నమ్మి నేను ఆమెకు సున్నా వేయడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాను. ఆ రోజు నుంచి, ఇద్దరు కలిసి చేసిన పనికి కమిట్ సందేశం చివర రెండో వ్యక్తి పేరును సహ రచయితగా రాయడం తప్పనిసరి చేశాం. చరిత్ర ఒక్కటే ఆధారంగా ఎవరికీ మార్కు వేయకూడదని, ప్రతి ఒక్కరితో విడిగా పన్నెండు నిమిషాల వైవా ఉండాలని కూడా అప్పుడే నిర్ణయించుకున్నాను. 64 మందికి అది దాదాపు 13 గంటల పని. ఒక సహాధ్యాపకుడు సగం పంచుకోకపోతే ఆ సెమిస్టర్ దాటేదాన్ని కాదు. ఈ పద్ధతి అనుసరించాలనుకునే వారు ముందుగా ఆ గంటలను టైమ్‌టేబుల్‌లో సంపాదించుకోవాలని నా గట్టి సూచన.

కోడ్ రివ్యూ కూడా మొదట్లో నామమాత్రంగానే సాగింది. ఒక బ్యాచ్ మార్పును మరో బ్యాచ్ వాళ్లు చూసి అభిప్రాయం రాయాలి. అందరూ "బాగుంది" అని రాసి ముగించారు. తోటివాడి తప్పు ఎత్తిచూపడమంటే అతని మార్కులు తగ్గించడమేనని వాళ్ల భయం. అందుకని రెండు విషయాలు స్పష్టం చేశాను: రివ్యూలో బయటపడిన లోపం రాసినవారి మార్కులను తగ్గించదు, రివ్యూ చేసినవారు మాత్రం ఈ కోడు ఏ సందర్భంలో విఫలమవుతుందో కనీసం ఒక ఉదాహరణ ఇవ్వాలి. తెలుగులో రాయవచ్చని కూడా చెప్పాను. ఇంగ్లిష్‌లో రెండు మాటలతో సరిపెట్టినవాళ్లే తెలుగులో పేరాలు రాశారు.

వాటిలో ఒకటి ఇక్కడ వివరంగా చెప్పాలి. రసీదు ముద్రించే భాగంలో విద్యార్థి పేరును 30 బైట్లకు కత్తిరించే ఒక వరుస పాత కోడులోనే ఉంది. ఇంగ్లిష్ పేర్లతో పరీక్షించినంతకాలం దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. టెస్టులు రాసే ఆ అమ్మాయే, పేరు తెలుగులో ఇస్తే ఏమవుతుందోనని "శ్రీలక్ష్మి" అని ఇచ్చి చూసింది. రసీదు మీద "శ్రీలక్ష్మ" అని వచ్చింది, చివరి గుడి ఎగిరిపోయింది. ఎందుకో తెలుసుకోవడానికి తను, నేను కాగితం మీద కూర్చి చూశాం. కంటికి కనిపించేవి మూడు అక్షరాలే అయినా, లిపుల గుర్తులకు కంప్యూటర్లు వాడే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో "శ్రీ" ఒక్కటే శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి కలిసి నాలుగు సంకేతాలు, "ల" ఒకటి, "క్ష్మి" ఆరు. మొత్తం పదకొండు. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు కాబట్టి పేరుకు 33 బైట్లు కావాలి, ఉన్నవి 30. పైగా 30 మూడుతో భాగింపబడే సంఖ్య కావడం వల్ల కోత సరిగ్గా రెండు సంకేతాల మధ్య పడింది. ప్రోగ్రాము ఎర్రర్ చూపకుండా పేరును తప్పుగా ముద్రించి ఊరుకుంది. అదే పరిమితి 31 అయి ఉంటే, సగం సంకేతాన్ని చదవలేక ప్రోగ్రాము అక్కడే ఆగిపోయి, అలాంటి తెలుగు పేరు వచ్చిన మొదటి రోజునే లోపం బయటపడేది.

ఆమె బ్యాచ్‌లో ఒకరు బైట్లకు బదులు సంకేతాలను లెక్కించి 30 దగ్గర కత్తిరించేలా దిద్దారు. దాన్ని రివ్యూ చేసిన పక్క బ్యాచ్ అబ్బాయి, "ఇంకా పొడవైన పేరైతే కోత మళ్లీ అక్షరం మధ్యలోనే పడుతుంది కదా, అసలు మనిషి పేరును కత్తిరించాల్సిన అవసరం ఏముంది? రెండో వరుసలోకి పంపకూడదా?" అని రాశాడు. చివరికి అలాగే చేశారు. అవసరాన్ని ప్రశ్నించడం, విఫలమయ్యే సందర్భాన్ని ఊహించడం, దాన్ని టెస్టుగా నిలబెట్టడం, ఇతరుల పరిష్కారాన్ని మర్యాదగా కాదనడం అనే నైపుణ్యాలన్నీ ఆ ఒక్క మార్పులో నాకు కనిపించాయి. ఏ చీటీ తీసినా అవి బయటపడేవి కావు.

పదో వారంలో అందరికీ ఒకే మార్పు అడిగాను: ఫీజును వాయిదాల్లో కట్టే వీలు కల్పించాలి. పాత కోడులో ఫీజు కట్టారా లేదా అన్నది అవును, కాదు అనే ఒక్క గడి మాత్రమే. దాన్ని చాలా చోట్ల నేరుగా చదివేవారు. అంతకుముందే ఆ చదివే పనిని ఒకే ఫంక్షన్‌లోకి తెచ్చి, టెస్టులు రాసుకున్న బ్యాచ్‌లు ఒకటి రెండు ల్యాబ్ తరగతుల్లో పూర్తిచేశాయి. మిగిలినవాళ్లు ఒకచోట మారిస్తే మరోచోట తెగి, రాత్రుళ్లు మేల్కొన్నారు. డిజైన్ మంచిదా కాదా అని నేను రెండు యూనిట్ల పాఠంలో చెప్పలేనిది వాళ్లకు అక్కడ తెలిసివచ్చింది. ఎంత మేరకు పూర్తయిందన్న దానికంటే, ఎందుకు కష్టమైందో చెప్పగలిగినవారికి ఎక్కువ మార్కులు వేశాను. సగమే పూర్తిచేసినా కారణాన్ని కచ్చితంగా వివరించిన ఒక బ్యాచ్‌కు, పూర్తిచేసి వివరించలేని బ్యాచ్ కంటే ఎక్కువ వచ్చాయి. దానిపై క్లాసులో వాదన జరిగింది, జరగడం మంచిదే అనుకున్నాను.

కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాల సంగతి అందరూ అడుగుతారు. నేను నిషేధించలేదు. ఏ మార్పుకు వాడారో సందేశంలో రాయాలని, వైవాలో ఆ వరుసలను తామే మార్చి చూపించాలని మాత్రం నిబంధన పెట్టాను. తెచ్చిన కోడు అర్థం చేసుకున్నవారు ఆ పన్నెండు నిమిషాలు తేలిగ్గా దాటారు, కానివారు దాటలేదు.

చివరి పరీక్షకు వచ్చిన బయటి ఎగ్జామినర్, చీటీలకు బదులు ప్రతి విద్యార్థికీ వాళ్ల రిపాజిటరీలోనే (కోడూ దాని చరిత్రా ఉండే చోటు) ఒక చిన్న లోపం పెట్టి మూడు గంటల్లో వెతకమని ఇస్తామంటే మొదట సందేహించారు. ఒకరిద్దరి పక్కన కూర్చుని చూశాక, మధ్యాహ్నం బ్యాచ్‌కు ఆయనే ప్రశ్నలు తయారుచేశారు. ఫలితాలు అందరికీ సంతోషం కలిగించలేదు. 15కి వేసే అంతర్గత మార్కులు, రికార్డుల కాలంలో అందరికీ 13, 14 వచ్చేచోట, ఇప్పుడు 7 నుంచి 15 వరకు విస్తరించాయి. మార్కులు తగ్గాయని ఐదుగురు వచ్చారు; వాళ్ల మార్పులు, రివ్యూలు, వైవాలో నేను రాసుకున్న మాటలు ముందు పెట్టుకుని ఒక్కొక్కరితో మాట్లాడాను. ఒకరి విషయంలో నేను ఒక రివ్యూను చూడకుండా వదిలేశానని తేలి రెండు మార్కులు కలిపాను. మిగిలిన నలుగురూ తమ మార్కు ఎక్కడ పోయిందో తామే చూపించగలిగారు. హెచ్‌ఓడీ సార్ అడిగిన కాగితం మీది ఆధారం అదేనని ఆయనకు ఆ పత్రాలే తీసుకెళ్లి ఇచ్చాను.

ఈ ఏడాది రెండు సెక్షన్లకూ అనుమతి వచ్చింది. వైవా గంటలు ఎవరు పంచుకోవాలన్నది ఇంకా తేలలేదు. కొత్త బ్యాచ్‌కు ఇవ్వబోయే కోడు మాత్రం సిద్ధంగా ఉంది: అదే హాస్టల్ ఫీజుల ప్రోగ్రాము, వాయిదాల సౌకర్యంతో, ఇంకా దిద్దని పదకొండు లోపాల జాబితాతో. టెస్టుల ఫోల్డరులో మొదటి ఫైలు తెరిస్తే మొదటి పేరు "శ్రీలక్ష్మి". దాని పైన ఆ అమ్మాయి తెలుగులో రాసిన వ్యాఖ్య ఉంది: "ఈ టెస్టు తీసేయాలనిపిస్తే ముందు రసీదు ఒకటి ప్రింట్ తీసి చూడండి."