జనవరిలో స్పితి: గుండ్రంగా గీసుకున్న రూటు గీతైపోయిన కథ

జనవరిలో కారేసుకుని హిమాచల్ కొండల్లోని స్పితి వెళ్దామని నేనూ మా బావా అనుకున్నప్పుడు కాగితం మీద మొదట గీసింది ఒక పెద్ద గుండ్రం. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా స్పితిలోని కాజా, అక్కణ్ణుంచి కుంజుమ్ కనుమ దాటి అటల్ టన్నెల్ గుండా మనాలి. చూసిన రోడ్డే మళ్లీ చూడక్కర్లేదని తెగ సంబరపడ్డాం.

మంచు పడ్డాక కుంజుమ్ మూసేస్తారని, మళ్లీ తెరిచేది వేసవికేనని ఆ తర్వాత తెలిసింది. 2020లో టన్నెల్ వచ్చింది కాబట్టి ఇక ఏడాదంతా దారి ఉన్నట్టేనని మా లెక్క. కానీ ఆ 9 కిలోమీటర్ల సొరంగం తప్పించేది మనాలి పైనున్న కనుమ రోహ్‌తాంగ్‌ని. మనల్ని అవతలి లోయ లాహౌల్‌లో దింపేస్తుంది, అంతే. 4,500 మీటర్ల పైన ఉన్న కుంజుమ్ ఇంకా అవతల ఉంది, దాని కింద ఏ సొరంగమూ లేదు. కాబట్టి వెళ్లిన దారినే వెనక్కి.

తర్వాతి గొడవ రోజుల దగ్గర. సిమ్లా నుంచి కాజా 400 కిలోమీటర్ల పైమాట. "రెండ్రోజుల్లో కొట్టేద్దాం" అన్నాడు బావ. నేను కిలోమీటర్లు పక్కనపెట్టి వెలుతురు లెక్కేశాను. సట్లెజ్ లోయలో కొండల నీడ మధ్యాహ్నం దాటగానే రోడ్డెక్కేస్తుంది, పగలు కరిగిన నీళ్లు సాయంత్రానికి గడ్డకడతాయి, అంటే బండి నడపడానికి మిగిలేది ఉదయం తొమ్మిది నుంచి నాలుగు దాకానే. మూడు రోజులు పెట్టాం. కల్పా, తాబోల్లో ఆగుతూ పోతే ఒంటికి ఎత్తు కూడా మెల్లగా అలవాటవుతుంది. దానిపైన రెండు రోజులు ఊరికే ఖాళీగా ఉంచాను. సెలవులు తగలేస్తున్నానని బావ రెండు వారాలు సణిగాడు.

మంచులో జారకుండా టైర్లకి చుట్టే స్నో చైన్లు కొని, బయల్దేరక ముందే ఇంటి దగ్గర రెండుసార్లు వేసి తీశాం. మొదటిసారి వెనక టైర్లకి వేశాం, మాదేమో ముందు చక్రాలు లాగే ఫ్రంట్ వీల్ డ్రైవ్, వేయాల్సింది వాటికి! ఆ నవ్వులేవో అక్కడే అయిపోవడం మంచిదైంది.

భయపెట్టింది మంచు కాదు, బ్లాక్ ఐస్, అంటే రోడ్డు మీద కంటికి ఆనని పల్చటి గడ్డ. నార్కండా దగ్గర ఒక నీడ మలుపులో రోడ్డు తడిగా ఉందనుకున్నాను, అంతే. బ్రేక్ మీద కాలు పెట్టగానే స్టీరింగ్ నా మాట వినడం మానేసింది. కాలు తీసేశాక బండి తనంతట తానే సర్దుకుంది, పక్కన బావ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నీడ కనిపిస్తే చాలు, మలుపుకి ముందే రెండో గేరు.

రాత్రుళ్లు హ్యాండ్‌బ్రేక్ వేయలేదు, గడ్డకట్టి పట్టేస్తుందని. గేరులో వదిలి, టైరు వెనక రాయి. వైపర్లు పైకెత్తి, మొదటి ఎండ తగిలేవైపు బండి. ట్యాంకు సగానికి తగ్గకముందే నింపేవాళ్లం.

తిరుగు ప్రయాణంలో తాబోలో ఉండగా రాత్రంతా మంచు కురిసింది, పొద్దున లేచేసరికి ముందు రోడ్డు బంద్. ఖాళీ రోజు ఒకటి అక్కడ ఖర్చయింది. ఆ రోజు తాబో బౌద్ధ మఠం చూశాం. 996లో కట్టింది, బయట మట్టి గోడలు, లోపల చీకట్లో టార్చి వేస్తే గోడలంతా బొమ్మలు. ఫొటోలు తీయనివ్వరు, అందుకే కాబోలు అంతసేపు చూశాం.

కల్పా చేరాక ఎదురుగా కిన్నర్ కైలాస్ మీద సాయంత్రపు ఎండ చూస్తూ బావే అడిగాడు, "ఇంకో ఖాళీ రోజు ఉంది కదా, ఇక్కడ వాడేద్దామా?"