ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగానే

డెస్క్‌టాప్ పనిచేస్తూనే ఆగిపోయి, మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ మీద ఏమీ రావట్లేదా? నా అనుమానం ముందు ర్యామ్ (మదర్‌బోర్డు స్లాట్‌లో ఉండే మెమరీ స్టిక్) మీదే. దుమ్ము, తేమ చేరితే స్లాట్‌లో కాంటాక్ట్ సరిగా అందదు.

ప్లగ్ పీకి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి తాకి ర్యామ్ తీయండి. బంగారు రంగు అంచును మెత్తని రబ్బరుతో తుడిచి, పొడి దులిపి, ఒక్క స్టిక్‌నే క్లిక్‌మనేదాకా నొక్కండి. రాకపోతే రెండోదాన్ని అదే స్లాట్‌లో పెట్టి చూడండి.

ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్నుల పవర్ కేబుల్ వదులైనా ఇదే లక్షణం. చాలామంది దీన్ని చూడనే చూడరు!

చివరగా మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి, 5 నిమిషాలాగి పెట్టండి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డయితే ఆ తర్వాత మొదటిసారి స్క్రీన్ రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి ఆపేయకండి.