పందొమ్మిది లక్షల మంది జట్టు

లాత్వియాకు చదువుకోడానికి వచ్చే తెలుగు పిల్లలకు కన్సల్టెన్సీ వాళ్లు ఫీజులు చెబుతారు, వీసా సంగతి చెబుతారు, పార్ట్‌టైమ్ పని దొరుకుతుందని నమ్మకంగా చెబుతారు. ఐస్ హాకీ గురించి ఎవరూ చెప్పరు. రాజధాని రీగాలో నలుగురితో కలిసి బతకాలంటే ముందు తెలియాల్సింది అదే అని నా అభిప్రాయం. మే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైతే ఈ ఊరి తీరే మారిపోతుంది. కార్లకు ముదురెరుపు, తెలుపు జెండాలు కడతారు. ఎప్పుడూ కళ్లెత్తి చూడని ట్రామ్ ప్రయాణికులు పక్కవాణ్ణి స్కోరు అడుగుతారు.

నేను ఈ ఆటను డెలివరీ ఆర్డర్ల వల్ల నేర్చుకున్నాను. కాలేజీ అయ్యాక బ్యాగు వీపున వేసుకుని సైకిల్ మీద తిరిగేవాణ్ణి. లాత్వియా మ్యాచ్ ఉన్న రోజు గంట ముందు నుంచే పిజ్జాలు, చికెన్ వింగ్స్ కోసం ఫోన్ ఆగకుండా మోగేది. ఆట మొదలైందో లేదో యాప్ చప్పబడిపోయేది. ఐస్ హాకీలో ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, మధ్యలో పావుగంట విరామాలు రెండు. విరామం రాగానే మళ్లీ ఆర్డర్లు. ఆ పావుగంటలోపే తెచ్చివ్వాలని ప్రతివాడికీ ఆత్రం. తలుపు తీసిన మనిషి ముఖం చూస్తే చాలు, ఎవరు ముందంజలో ఉన్నారో తెలిసిపోయేది. లాత్వియా గోల్ కొట్టిన రోజున "పాల్దియెస్" అని రెండుసార్లు థ్యాంక్స్ చెప్పేవాళ్లు, టిప్పు కూడా ఎక్కువ పెట్టేవాళ్లు. అమ్మ మాత్రం వైజాగ్ నుంచి ఫోన్ చేసి, "ఆ చలిలో సైకిల్ తొక్కకు నాన్నా" అనేది. మే నెలలో ఇక్కడ రాత్రి పది దాకా వెలుగుంటుందని చెప్పినా నమ్మేది కాదు.

మొత్తం దేశ జనాభా పందొమ్మిది లక్షలు. దాదాపు మా విశాఖపట్నం జనమంత. అంత చిన్న దేశం 1997లో ప్రపంచ హాకీ పై శ్రేణిలోకి చేరింది. ఇప్పుడు అక్కడ ఉండేవి పదహారు జట్లే, మామూలుగా అడుగున నిలిచిన రెండూ కిందికి పోతాయి. లాత్వియా ఆనాటి నుంచి ఒక్కసారి కూడా కిందికి పోలేదు. పతకాలు లేని ఇరవై ఆరేళ్లలో వాళ్లు ప్రతి మే నెలా పోరాడింది ఆ చోటు నిలుపుకోడానికే. మన క్రికెట్ అభిమానులకు ఇది అర్థం కావడం కష్టం. నూట నలభై కోట్ల మందిమి, మనకు కప్పు రాకపోతే కోపం. ఇక్కడ జట్టు ఓడినా చివరి సైరన్ దాకా డప్పులు కొడుతూ "సరౌయ్, లాత్వియా!" అని అరుస్తూనే ఉంటారు.

మేం అద్దెకుండే ఇంటి ఓనరు డెబ్భై దాటిన పెద్దావిడ. ఆవిడ చెబితేనే ఈ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలిసింది. 1936 ఒలింపిక్స్‌లో లాత్వియా తన పేరుతో ఆడింది. తర్వాత మళ్లీ ఆ పేరుతో ఒలింపిక్ మంచు మీద కాలుపెట్టింది 2002లో. మధ్యలో సోవియట్ పాలన. 1949 మార్చిలో ఈ చిన్న నేల నుంచి నలభై రెండు వేల మందిని సైబీరియాకు తరలించారు. ఆ రోజుల్లో వీళ్లకు ఉన్నది డైనమో రీగా అనే క్లబ్బు. అది 1988లో సోవియట్ లీగ్‌లో రెండో స్థానానికి వచ్చింది. ఆ జట్టు గోల్‌కీపర్ అర్తూర్స్ ఇర్బె పేరు చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఇంటి పిల్లాడి గురించి చెబుతున్నట్టే ఉంటుంది. 2000లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, రష్యా సొంత మైదానంలో, లాత్వియా 3–2తో రష్యాను ఓడించిన రాత్రి ఆవిడ కూడా రీగాలోని స్వాతంత్ర్య స్తంభం దగ్గరికి వెళ్లిందట. లాత్వియన్ సొంత భాషగా ఉన్నవాళ్లు పదిహేను లక్షలకు కాస్త అటూ ఇటూ. ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాషలో పుట్టిన నాకు, మన భాష ఉంటుందా పోతుందా అనే భయం ఎలా ఉంటుందో ఆవిడ దగ్గర కూర్చున్నాకే తెలిసింది. స్కోరు బోర్డు మీద దేశం పేరు కనబడితే వీళ్లకు ఎందుకంత తృప్తో కూడా.

గోల్‌కీపర్లే ఈ జట్టుకు వెన్నెముక. 2014 సోచి ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో క్రిస్టెర్స్ గుద్లెవ్‌స్కిస్ కెనడా కొట్టిన షాట్లలో 55 ఆపాడు. 2–1తో ఓడినా ఆ మ్యాచ్ ఇక్కడ ఇప్పటికీ గెలుపు కిందే లెక్క. 2021లో రీగాలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మతీస్ కివ్లెనియెక్స్ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా 2–0తో కెనడాను మొదటిసారి ఓడించాడు. ఆ జులై 4న అమెరికాలో బాణసంచా ప్రమాదంలో పోయాడు, ఇరవై నాలుగేళ్లకే. ఆ మాట వచ్చినప్పుడు వీళ్లు మాట మార్చేస్తారు.

ఇక 2023. ఆ ఏటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అసలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సింది. రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగాక ఫిన్లాండ్‌లోని తాంపెరెకు, రీగాకు ఇచ్చారు. డైనమో రీగా రష్యా లీగ్ నుంచి బయటికి వచ్చేసింది. రష్యాలో ఆడేవాళ్లకు జాతీయ జట్టులో చోటు లేదన్నారు. ఎన్నో ఏళ్లుగా ఇక్కడి ఆటగాళ్లకు మంచి జీతాలిచ్చిన దారి అది. దాన్ని మూసుకోవడం చిన్న విషయం కాదు. పైగా టెయొదొర్స్ బ్లూగెర్స్ లాంటి ఆటగాడు అమెరికాలో తన క్లబ్బు ప్లేఆఫ్స్‌లో ఉండిపోయాడు. మొదటి మ్యాచ్ కెనడాతో, 6–0తో ఓటమి. తర్వాత స్లొవాకియా చేతిలోనూ ఓడారు. మా రూమ్మేట్, కరీంనగర్ అతను, "అన్నా, ఇగ అయిపోయింది వీళ్ల పని" అన్నాడు. అక్కణ్ణుంచి లేచారు. చెక్ జట్టును ఓవర్‌టైమ్‌లో 4–3, గ్రూపు చివర్లో స్విట్జర్లాండ్‌ను మళ్లీ ఓవర్‌టైమ్‌లో 4–3. కోచ్ హారియ్స్ వీటొలిన్ష్ ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడినవాడు. గోల్‌లో నిలబడ్డది అర్తూర్స్ షిలోవ్స్, ఇరవై రెండేళ్ల కుర్రాడు.

మే 25న రీగాలో స్వీడన్‌తో క్వార్టర్ ఫైనల్. ఒక ఆర్డర్ కోసం రెస్టారెంట్‌కి వెళ్తే వంటవాళ్లంతా టీవీ ముందు ఉన్నారు. వంట ఆగిపోయింది. నాతో పాటు ఒక ఉజ్బెక్ కుర్రాడు, ఇద్దరు పంజాబీలు, అందరం బ్యాగులు కింద పెట్టి చూస్తూ నిలబడ్డాం. మామూలు రోజైతే ఆలస్యానికి గొడవే. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. 3–1తో గెలిచారు. లాత్వియా సెమీఫైనల్‌కు చేరడం అదే మొదటిసారి. వంటగదిలోంచి ఒకావిడ బయటికొచ్చి మా నలుగురినీ కౌగిలించుకుంది. అన్నాళ్లలో ఆ రెస్టారెంట్‌లో నాతో ఎవరూ ఆర్డర్ నంబరు తప్ప ఇంకేమీ మాట్లాడి ఎరగరు.

సెమీస్‌లో కెనడా మీద ఆధిక్యంలో ఉండి కూడా 4–2తో ఓడారు. మర్నాడు, మే 28న, కంచు పతకం కోసం అమెరికాతో. అమెరికా ఆ టోర్నీలో సెమీస్ దాకా ఒక్కటీ ఓడలేదు. మూడో పీరియడ్ చివర్లో 3–2తో వెనకబడి ఉన్నప్పుడు డిఫెన్స్ ఆటగాడు క్రిస్టియాన్స్ రుబీన్స్ సమం చేశాడు. ఓవర్‌టైమ్ మొదలై రెండు నిమిషాలైనా కాకముందే మళ్లీ అతనే కొట్టాడు. 4–3. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో లాత్వియాకు మొట్టమొదటి పతకం. టోర్నీ అత్యుత్తమ ఆటగాడు షిలోవ్స్.

ఆ అర్ధరాత్రి వేళ సైమా, అంటే ఇక్కడి పార్లమెంటు, అత్యవసరంగా సమావేశమై మర్నాడు దేశమంతా సెలవు అని తీర్మానించింది. యజమానులు చాలామంది సణిగారు. తెల్లవారితే సోమవారం, షిఫ్టులు వేసి ఉన్నాయి, ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు ఉన్నాయి. వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను. నాకు సెలవేమీ లేదు, బ్యాగుతోనే వెళ్లాను. జట్టును తెస్తున్న ఎయిర్‌బాల్టిక్ విమానం స్వాతంత్ర్య స్తంభం మీదుగా బాగా కిందికి దిగి వెళ్లింది. 1935లో కట్టిన ఆ నలభై రెండు మీటర్ల స్తంభం చుట్టూ నేల కనబడనంత జనం. మా ఓనరమ్మ కూడా వచ్చింది, ఇరవై మూడేళ్ల తర్వాత.

ఇప్పుడు డెలివరీ మానేసి ఒక గోదాములో చేస్తున్నాను. మా ఫోర్‌మన్ లాత్వియన్, వయసులో ఉన్నప్పుడు ఐర్లాండ్ వెళ్లి పుట్టగొడుగుల ఫారంలో కూలి చేసి వచ్చినవాడు. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరాక ఈ దేశం నుంచి అలా వెళ్లినవాళ్లు ఎందరో. పరాయి దేశంలో షిఫ్టు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి గనుక నాతో గౌరవంగా ఉంటాడు. 2024లో షిలోవ్స్ కెనడాలోని వాంకూవర్ క్లబ్బు తరఫున ఉత్తర అమెరికా హాకీ లీగ్ కప్పు, అంటే స్టాన్లీ కప్, ప్లేఆఫ్స్ ఆడినప్పుడు అక్కడి రాత్రి మ్యాచ్ ఇక్కడ తెల్లవారుజామున వచ్చేది. ఈయన నిద్ర లేకుండా డ్యూటీకొచ్చి ముందు స్కోరు చెప్పి తర్వాతే పని అప్పజెప్పేవాడు.

ఆ డిసెంబరులో మా విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. టీ బ్రేక్‌లో ఫోన్‌లో ఫోర్‌మన్‌కు చూపించాను. క్రికెట్ గురించి ఆయనకేమీ తెలియదు. స్టాండ్స్‌లో ఏడుస్తున్న నితీశ్ తండ్రిని చూశాడు, ఇంకోసారి పెట్టమన్నాడు. అబ్బాయికి ఎన్నేళ్లని అడిగాడు. ఇరవై ఒకటి అన్నాను.

"షిలోవ్స్‌కి అప్పుడు ఇరవై రెండు" అన్నాడు.