4 టీబీ డిస్కులో 465 జీబీ పార్టిషన్: మూడు రాత్రుల గొడవ

దొరికాయి! నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి తాతయ్య హరికథల ఫోల్డర్ తెరుచుకుంది. క్యాసెట్ల నుంచి ఎక్కించినవన్నీ పేర్లతో సహా ఉన్నాయి. మూడు రోజులుగా అమ్మ "ఏమైందిరా, ఇంకా రాలేదా?" అంటుంటే ముఖం చాటేసి తిరిగాను.

అసలు పని చిన్నదే. ఇన్నాళ్లూ యూఎస్‌బీ డాక్‌లో (డిస్కుని యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపే స్టాండు) ఉన్న 4 టీబీ ఐరన్‌వుల్ఫ్ హార్డ్ డిస్కుని సర్వర్ క్యాబినెట్‌లోకి మార్చి, నేరుగా సాటా కేబుల్‌కి తగిలించి, దాని రెండు పార్టిషన్లనీ (డిస్కుని విడగొట్టిన భాగాలు) ఒకటి చేద్దామనుకున్నాను. మొదటిది 1 టీబీ, ఫొటోలతో గొంతుదాకా నిండింది. రెండోది సగం ఖాళీ. రెండూ లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4.

తగిలించి చూస్తే డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో డిస్కు ఉంది, దాని కింద పార్టిషన్లు లేవు. పార్టిషన్ టేబుల్ చూపే ఎఫ్‌డిస్క్ అయితే ఒకే ఒక్క పార్టిషన్ చూపించింది: రకం ఈఈ (జీపీటీ అనే పార్టిషన్ టేబుల్ ఉందని చెప్పే గుర్తు), సైజు 465.8 జీబీ. 4 టీబీ డిస్కులో ఈ 465 ఎక్కడిది? కేబుల్ మార్చాను, పవర్ కనెక్టర్ మార్చాను. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో రీఅలొకేటెడ్ (పాడై మార్చిన చోట్లు) సున్నా, పెండింగ్ (అనుమానమున్నవి) సున్నా. డిస్కు గుండ్రాయిలా ఉంది.

రెండో రాత్రి పాత నోట్‌బుక్ తీశాను. పార్టిషన్లు చేసిన రోజు నా చేత్తోనే రాసుకున్న సెక్టర్ అంకెలు (సెక్టర్ అంటే డిస్కుని కొలిచే చిన్న గడి): మొదటిది 256 నుంచి 268435711 దాకా, రెండోది 268435712 నుంచి 976754640 దాకా. ఇక భయమేముంది అనుకుని, డిస్కు మీద ఏమీ రాయకుండా, సెక్టర్‌కి 512 బైట్లనుకుని 256ని 512తో హెచ్చవేసి 131072 ఆఫ్‌సెట్‌తో రీడ్-ఓన్లీ లూప్ (డిస్కులో ఒక భాగాన్ని విడి డిస్కులా చూపే పద్ధతి) పెట్టాను. బ్యాడ్ సూపర్‌బ్లాక్ అంది, అంటే ఫైల్ సిస్టమ్ వివరాలుండే బ్లాకు అక్కడ దొరకలేదు. బ్యాకప్ సూపర్‌బ్లాకులు 32768, 98304 ఇచ్చి చూశాను. అక్కడా అదే పాట. పోయిన పార్టిషన్లు వెతికే టెస్ట్‌డిస్క్ నడిపితే మొదటి పార్టిషన్ 2048 దగ్గర మొదలవుతోందని చెప్పింది. నా నోట్‌బుక్‌లో 256 ఉంటే ఇది 2048 అంటుందేమిటి, ఏ పాత పార్టిషన్ ఆనవాలో అయ్యుంటుందని కొట్టిపారేశాను. బుద్ధి తక్కువ పని. టెస్ట్‌డిస్క్ లాంటి పనిముట్టు డబ్బు పెట్టినా దొరకదు. దాని తోబుట్టువు ఫొటోరెక్ మాత్రం నాకు ఆఖరి దిక్కు. రాత్రంతా నడిపితే వేల ఫైళ్లు తెచ్చింది, ఒక్కదానికీ పేరు లేదు. ఏది పెళ్లి ఫొటోనో ఏది కరెంటు బిల్లో తెలుసుకోవాలంటే ఒక్కొక్కటీ తెరవాలి.

మూడో రాత్రి హెక్స్‌డంప్, అంటే డిస్కులోని బైట్లని నేరుగా చూడడం. ఈఎక్స్‌టీ4 పార్టిషన్ మొదలైన చోటి నుంచి 1080వ బైటు దగ్గర 53 ఈఎఫ్ అనే గుర్తు ఉండాలి. నా లెక్క ప్రకారం అది 132152 దగ్గర ఉండాలి. అక్కడ ఉన్నవి సున్నాలు. డిస్కు మొదటి 4 ఎంబీ మొత్తం వెతికితే 1049656 దగ్గర తగిలింది. అందులోంచి 1080 తీసేస్తే 1048576. దాన్ని 512తో భాగిస్తే 2048, టెస్ట్‌డిస్క్ చెప్పిందే. పంతానికి 256తో భాగించాను. 4096!

అప్పుడు వెలిగింది. డాక్ లోపలి చిప్ ఈ డిస్కుని 4096 బైట్ల సెక్టర్లుగా చూపిస్తూ వచ్చింది. 2 టీబీ దాటిన డిస్కులు విండోస్ ఎక్స్‌పీలో కూడా కనబడాలని ఒకప్పుడు పెట్టిన కిటుకు ఇది. నేరుగా సాటాకి పెడితే సెక్టర్ 512 బైట్లు. జీపీటీ హెడర్ ఉండేది (సున్నా నుంచి లెక్కేస్తే) ఒకటో సెక్టర్‌లో. డాక్ దాన్ని 4096వ బైటు దగ్గర రాసింది, లినక్స్ కెర్నల్ వెళ్లి 512 దగ్గర వెతుక్కుంది. 465 జీబీ గుట్టు కూడా అదే: సెక్టర్ల సంఖ్య పాతది, సెక్టర్ సైజు కొత్తది, కాబట్టి ఎనిమిదో వంతు. నోట్‌బుక్ అంకెలూ తప్పు కాదు, టెస్ట్‌డిస్కూ తప్పు కాదు. నేను యూనిట్ రాసుకోలేదు, అంతే.

లూప్ పెట్టే లోసెటప్‌లో సెక్టర్ సైజు 4096, రీడ్-ఓన్లీ, పార్టిషన్ స్కాన్ ఇవ్వగానే రెండూ ప్రత్యక్షం. మళ్లీ దొరకనివి 212 జీబీ ముందు వేరే డిస్కుకి కాపీ చేశాను.

తర్వాత పార్టిషన్ టేబుల్ రాసే ఎస్‌జీడిస్క్‌తో 512 లెక్కన కొత్త టేబుల్ రాశాను, అక్కడా ఒక దెబ్బ తగిలింది. మొదలు, చివర రెండూ ఎనిమిదితో హెచ్చవేస్తే బ్యాడ్ జామెట్రీ అని, బ్లాకులు డివైస్ సైజుని మించాయని మౌంట్ కాలేదు. చివరి సెక్టర్ కూడా పార్టిషన్‌లో భాగమే కదా, దాన్ని ఎనిమిదితో హెచ్చవేసి 7 కలపాలి. అంటే మొదటిది 2048 నుంచి 2147485695, రెండోది 2147485696 నుంచి 7814037127. ఫైల్ సిస్టమ్‌ని తనిఖీ చేసే ఎఫ్ఎస్‌సీకే రెండింటికీ క్లీన్ అంది.

ఇక కలపడం మిగిలింది. జీపార్టెడ్‌తో రెండోదాన్ని కుదించి కుడికి జరపొచ్చు గానీ, మా కాలనీ కరెంటుని నమ్మి అంత డేటా జరిపే ధైర్యం లేదు, యూపీఎస్ బ్యాటరీ కూడా పావుగంట మించి ఆగడం లేదు. రెండోదాన్ని బయటికి కాపీ చేసి, తుడిచి, మొదటిదాన్ని పెంచుతాను. ఎక్స్ఎఫ్ఎస్‌కి మారమని ఒక మిత్రుడు పోరుతున్నాడు. పెంచడమే తప్ప తగ్గించడం దాదాపు కుదరని ఫైల్ సిస్టమ్‌తో రోజుకో బుద్ధి పుట్టే నాలాంటివాడికి పొసగదు. పార్టిషన్ల సైజుని సులువుగా మార్చనిచ్చే ఎల్‌వీఎం వైపు మాత్రం మనసు లాగుతోంది.

డాక్ మీద నల్ల మార్కర్‌తో 4096 అని పెద్దగా రాశాను. తమ్ముడి దగ్గర ఖాళీ డిస్కు ఉందట, ఆదివారం తెస్తానన్నాడు.