లుంగీ తెచ్చిన తంటా

నిన్ననే ఇస్తాంబుల్ నుంచి వచ్చాం. వేడి చల్లారకముందే రాస్తున్నా.

సుల్తాన్ అహ్మద్ మసీదు, అదే అందరూ బ్లూ మాస్క్ అనేది. టికెట్ లేదు. ట్రామ్ దిగితే నాలుగడుగులు. గొడవంతా మా టూర్ ఏజెంటు పెట్టాడు. సరిగ్గా శుక్రవారం పొద్దున రాసిపెట్టాడు మహానుభావుడు! జుమ్మా రోజు మధ్యాహ్నం 2.30 దాకా చూడ్డానికి వచ్చినవాళ్లను లోపలికి పంపరు. మిగతా రోజుల్లోనూ నమాజు వేళల్లో ఆపేస్తారు. ఈ ముక్క చెప్పడానికి నోరు రానివాడికి కమీషన్ ఒకటి.

ఎండలో కూర్చుని కూర్చుని క్యూలో నిలబడ్డాం. మా ఆవిడ చున్నీ తలమీదుగా కప్పుకుని చక్కా వెళ్లిపోయింది. నన్ను ఆపారు. నిక్కరు! "ప్యాంటు వేసుకోండి" అని హోటల్లోనే చెప్పింది. "మోకాళ్ల దాకా ఉందిలే" అన్నాను. నిలబడితే ఉంది, నడిస్తే లేదు. కాపలా అతను మాట్లాడకుండా వేలితో నా మోకాలు చూపించి, ఓ నీలం గుడ్డ చేతిలో పెట్టాడు. వెనక క్యూ అంతా చూస్తోంది.

గుడ్డ చుట్టుకోవడం మనకొకరు నేర్పాలా? పక్కన ఓ తెల్లాయన ముడి నిలవక అవస్థపడుతుంటే ఆయనకీ నేనే కట్టాను. ఆ ఊపులో మెట్లెక్కుతూ, అలవాటు కొద్దీ కింది అంచు ఎత్తి మడిచి కట్టేశాను. మళ్లీ మోకాళ్లు బయట! వెనక నుంచి కేక. అతనే. ఈసారి వంగి, మడత తనే విప్పి కిందికి లాగాడు, బళ్లోకెళ్లే పిల్లాడికి సర్దినట్టు. మా ఆవిడ గోడకేసి తిరిగి నవ్వుతోంది.

లోపల చెప్పులు సంచిలో వేసి చేత్తో పట్టుకోవాలి. 1609లో మొదలెట్టి 1616కి కట్టేశారు. ఇజ్నిక్ అనే ఊళ్లో చేసిన పింగాణీ పలకలు 20,000 పైచిలుకు; నీలమంతా పైనే, మెడ ఎత్తాలి. అడ్డు అవతల ఓ పెద్దాయన నమాజు చేసుకుంటుంటే ఇటునుంచి ఫోన్లు పెట్టి తీస్తున్నారు. ఒళ్లు మండింది. మనం కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే ఎవడో మొహంలోకి కెమెరా పెడితే ఊరుకుంటామా?

బయటికొచ్చాక పడమటి వాకిట్లో వేలాడే ఇనుప గొలుసు చూశాం. గుర్రమెక్కి వచ్చే సుల్తాను కూడా తల వంచి రావాలని కట్టారట. కాస్త ఊరట.

కానీ మడిచి కట్టిన ఫొటో అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో ఉంది. బావమరిది ఫోను చేస్తున్నాడు, ఎత్తడం లేదు.